గొంతు సవరింపు

హల్ నగరంలో, అద్దెయింటి పైన,
అగ్గిపెట్టెంత గదిలో
హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంటాను.
అటు ఒక డాక్టరు, ఇటు తెలుగు తప్ప రాని ఒకామె,
మధ్యలో నేను, మాటలు దాటే కర్రవంతెనని.

ఆ రోజు డాక్టరు తేలిగ్గానే అన్నాడు,
స్కాన్‌లో ఏమీ లేదని.
నేను నోరు తెరిచేలోపు
ముక్కు వెనకనుంచి ఒక చుక్క
నెమ్మదిగా గొంతులోకి జారింది.
ఖ్‌ర్‌మ్, అన్నాను.
అంతే. ఎక్కడో లీసెస్టర్‌లో
ఆవిడ ఊపిరి బిగబట్టడం నా చెవికి తెలిసింది.
"చెప్పమ్మా, ఏదైనా సరే చెప్పెయ్."
ఏమీ లేదండీ, ఏమీ లేదు, నిజంగానే ఏమీ లేదు.
మూడోసారికి గానీ ఆమె నమ్మలేదు.

మనవాళ్ళకి గొంతు సవరించుకోవడమంటే
వెనకాల ఏదో పెద్ద మాట వస్తోందని.
నా వెనకాల వచ్చేది
శ్లేష్మం.

ఇంట్లోనూ ఇదే తంతు.
నేను ఖళ్ మనగానే రఘోత్తమ్ పేపరు దించుతాడు,
"ఏమన్నావ్?"
ఏమీ అనలేదు.
వైదేహి ఫ్రిజ్ తలుపు మీద లెక్క రాస్తుంది,
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత.
ఆదివారం అరవై మూడు.

పడిశం పది రోగాల పెట్టు అనేది మా మేనత్త.
ఇది పడిశమైనా కాదు.
పడిశం వెళ్ళిపోతూ సరిగా వెయ్యని తలుపులోంచి
లోపలికి కొట్టే జల్లు.

మందుల షాపులో డెనీస్
కాగితం సంచీ మీద ముక్కు బొమ్మ గీసింది.
"అందరికీ రోజంతా ఊరుతూనే ఉంటుంది,
అందరూ మింగుతూనే ఉంటారు.
నీకు తెలుస్తోంది, అంతే తేడా.
గీరకు. గీరినకొద్దీ ఇంకా గీరమంటుంది.
ఒక గుటక నీళ్ళు తాగు.
రక్తం పడినా, ఒక పక్కే కారినా
నా దగ్గరికి రాకు, డాక్టరు దగ్గరికి వెళ్ళు."
ఆపైన అడిగింది, "బట్టలెక్కడ ఆరేస్తారు?"

ఎక్కడేమిటి, రేడియేటర్ మీదే.
కిటికీ మూల నల్లగా బూజు,
అద్దం మీద పొద్దున్నే చెమట,
వంటింటి కుళాయి బొట్టు బొట్టుగా.
ఇంటిక్కూడా ఇదే జబ్బని
అప్పటిదాకా తట్టలేదు.

రాత్రి కాచి చల్లార్చిన నీళ్ళలో
ఉప్పు, చిటికెడు సోడా.
కుళాయి కింద నేరుగా పట్టిన నీళ్ళు పనికిరావట.
సింకు మీదికి వంగి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ
ఒక ముక్కులో పోస్తే
రెండో ముక్కులోంచి రావాలి.
మొదటి రాత్రి కళ్ళలోంచి కూడా వచ్చినట్టనిపించింది.
హంబర్ నది సముద్రంలో కలిసే చోటు
నా తలలోనే ఉన్నట్టు.
వైదేహి చప్పట్లు కొట్టింది.

స్ప్రే మధ్యగోడకి కాదు,
అటుపక్క చెవి వైపు గురిపెట్టాలి.
మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెడితే
నేను హాయిగా పడుకున్నాను,
రఘోత్తమ్ మాత్రం తెల్లారేసరికి
పాదాల దగ్గర ముడుచుకుని దొరికాడు.
కిటికీ రెక్క రోజూ కాసేపు తెరిచాం,
చలికి తిట్టుకుంటూనే.

మూడు వారాలకి గీతలు పదికి దిగాయి,
ఆపైన రెండుకి.
ఒక రోజు ఫ్రిజ్ తలుపు తెల్లగా ఉంది.

ఆ మర్నాడే ఒక పెద్దాయన కాల్.
డాక్టరు మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పాడు.
ఈసారి స్కాన్‌లో ఉంది.
నా గొంతు కడిగిన గాజు గ్లాసులా ఉంది,
మాట ముక్కుసూటిగా వెళ్ళి తగులుతుంది.
అటువైపు ఆయన స్టూలు లాక్కుని
సర్దుకుంటున్న చప్పుడు.

ఖ్‌ర్‌మ్, అన్నాను,
అడ్డమేమీ లేకపోయినా.
ఆయన మాట్లాడలేదు, కూర్చున్నాడు.
అప్పుడు చెప్పాను.

సాయంత్రం వైదేహి సుద్దముక్క పట్టుకుని అడిగింది,
"ఈరోజు ఎన్ని?"
సున్నా, అన్నాను.